జెండా ఊపే మనిషి కోసం పరుగు ఆపొద్దు

(తిరుపతిలో తొలిసారిగా తలపెట్టిన 10 కిలోమీటర్ల పరుగుకి పనిచేయబోయే వలంటీర్ల సమావేశంలో ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు వరసగా చదవమని నాకో కాగితం ఇచ్చారు. మడిచి పర్సులో పెట్టుకున్నాను. వాళ్లంతా పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండులో కనపడేవాళ్లే, ఏమీ అనుకోరు. అనుకున్నా ఇప్పుడు నా ఇంక్రిమెంటు ఆపేవాళ్లెవరూ లేరు.

ఈ మీటింగు 10 గంటలకన్నారు. ఇప్పుడు 10.40. ఎందుకప్పా ఇంకా మొదలుపెట్టలేదు అంటే, జనం రావాలి మేడం అన్నారు. మరి 10 గంటలకే వచ్చి కూర్చున్నవాళ్లు జనం కాదా? ఆలస్యంగా వచ్చేవాళ్లకి మర్యాద, వేళకి వచ్చినవాళ్లకి శిక్ష. నవ్వుతున్నారు గానీ, ఈ మాటకి మళ్లీ వస్తాను.

స్ఫూర్తి కలిగేలా ఒక పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. స్ఫూర్తి సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది విజిలు, టేపు, గ్రౌండులో గీతలు గీసే సున్నం. వాటి గురించి చెబుతాను.

మొదట మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. తేదీ బాగా చూసి పెట్టారు. నవంబరులో పెట్టుంటే వానల్ని నమ్ముకుని కూర్చోవాల్సి వచ్చేది. 2021 నవంబరులో ఈ ఊరి వీధులు వాగులైపోవడం మీరంతా చూసినవాళ్లే. వైకుంఠ ఏకాదశి జోలికీ, రథసప్తమి జోలికీ పోలేదు. శివరాత్రికి కపిలతీర్థం వైపు కాలు పెట్టే వీలుండదు, అదీ తప్పించారు. మే నెల అంటే గంగ జాతర, ఆ ఎండ, ఇంక చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి ఆదివారం, పిల్లల పరీక్షలకి ముందు. మాఘమాసం పెళ్లిళ్లు ఒక్కటే తప్పించలేకపోయారు, అది ఎవరి వల్లా కాదు. తెల్లవారుజామున మంచి ముహూర్తం ఉందంటే పేర్లు రాయించుకున్నవాళ్లలో చాలామంది ఆ రోజు కల్యాణమండపంలో తేలతారు. ఉప్మా ఆర్డరిచ్చేటప్పుడు అది గుర్తుంచుకోండి.

రూటు విషయంలో మీలో మీకు గొడవ జరిగిందని విన్నాను. లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా ఊరి మధ్యలో పెడదాం, జనం చూస్తారు అన్నారట కొందరు. చూస్తారు నాయనా, తిడతారు కూడా. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్. దర్శనం టోకెన్ల కోసం ఈ మూడు చోట్లా అర్ధరాత్రి కూడా మనుషులుంటారు. రాత్రంతా జనరల్ బోగీలో కూర్చుని వచ్చిన ముసలాయన సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటబోతుంటే, కొత్త టీషర్టు వేసుకున్న కుర్రాడు విజిలేసి 'ఆగు పెద్దాయనా, పరుగుంది' అంటే ఆయన ఏమనుకోవాలి? ఈ ఊరి రోడ్ల మీద మనకంటే ఆయనకే హక్కెక్కువ.

అందుకని జూ పార్కు రోడ్డే మేలు. అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు, ఒక పక్క శేషాచలం, పొద్దున్నే చల్లగా ఉంటుంది. కాకపోతే అది అడవి పక్క రోడ్డు. చిరుత భయం ఊరికే చెప్పుకునే కథ కాదు, యూనివర్సిటీ క్యాంపస్‌లోనే తిరిగిన రోజులున్నాయి. కాబట్టి టార్చి లైట్లు పట్టుకుని చీకట్లో పరిగెత్తే ముచ్చట్లు వద్దు. ఫిబ్రవరిలో మనకి సూర్యోదయం 6.30 ప్రాంతంలో. వెలుతురు వచ్చి, వేడి రాకముందు మనకి దొరికేది కొంచెం సేపే. 6.30కి పరుగు మొదలవ్వాలి. అటవీ శాఖ వాళ్లకి, పోలీసులకి, కార్పొరేషన్‌కి కాగితాలు ఎంత ముందిస్తే అంత మంచిది. ఇచ్చి ఊరుకోకుండా, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

ఆ రోడ్డులోనే కంటి ఆసుపత్రి ఉంది, క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రోడ్డు మొత్తం మూసేస్తామంటే నేను ముందే లేచి వెళ్లిపోతాను. ఒక పక్క పరుగు, రెండో పక్క బండ్లు. ఇంకో మాట, ఇది మార్షల్స్‌గా నిలబడేవాళ్లు బాగా వినాలి. బండి ఆపే అధికారం పోలీసుది, మీది కాదు. మీరు ఆపగలిగేది రన్నర్నే. బండి ఆయన్ని చెయ్యెత్తి బతిమాలుకోవచ్చు, అంతవరకే. అక్కడి ఆటోస్టాండు వాళ్లని, టీకొట్టు వాళ్లని, పాలవ్యాను వాళ్లని ముందే కలిసి చెప్పండి. కరపత్రం చేతిలో పెట్టి వచ్చేయడం కాదు, నిలబడి ఒక టీ తాగి చెప్పండి. ఆ రోజు మీకంటే బాగా ట్రాఫిక్ చూసుకునేది ఆటో అన్నలే.

ఇక దూరం. 'బైకు మీటరు పెట్టి కొలిచేశాం మేడం' అని ఒకబ్బాయి నాతో ఎంతో సంబరంగా చెప్పాడు. బైకు మీటరు పెట్రోలు లెక్కకి పనికొస్తుంది నాయనా, పరుగు లెక్కకి కాదు. ఫోన్ కూడా పనికిరాదు. ప్రపంచమంతా రోడ్డు పరుగుల్ని ఇప్పటికీ సైకిలుతోనే కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అని చిన్న పరికరం బిగిస్తారు. 1971లో అలన్ జోన్స్ అనే అమెరికా ఆయన రూపొందించాడు. చక్రం ఎంత తిరిగిందో అంకెల్లో చూపిస్తుంది. అది లేకపోతే చక్రానికి రంగు గుడ్డ పీలిక కట్టి చుట్లు లెక్కపెట్టండి, నడుం నొప్పి తప్ప ఇంకేం నష్టం లేదు.

తిన్నటి రోడ్డు మీద ముందు 300 మీటర్లు స్టీలు టేపుతో కొలిచి గుర్తు పెట్టాలి. గుడ్డ టేపు సాగుతుంది, దాన్ని టైలరుకి వదిలేయండి. ఆ 300 మీటర్లు నాలుగుసార్లు తొక్కితే చక్రం లెక్క తెలుస్తుంది. తర్వాత రూటంతా తొక్కాలి. మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే రన్నరు పోగలిగినంత అడ్డదారిలో. చివర కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున, పదికి పది మీటర్లు అదనంగా కలపాలి. దారి కొంచెం ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు. తక్కువైతే ఆ రోజు పిల్లలు సాధించిన టైమింగులన్నీ చెల్లకుండా పోతాయి. కొలవడం అయ్యాక అదే 300 మీటర్ల మీద మళ్లీ తొక్కాలి. ఎందుకంటే పొద్దున చల్లగా ఉన్న టైరు ఎండెక్కేసరికి ఉబ్బుతుంది, లెక్క మారిపోతుంది. ఇంత చేసినా పరుగు అయిపోగానే పదిమంది వచ్చి 'నా వాచీలో 10.2 చూపించింది' అని కొట్లాడతారు. మీరు అడ్డదిడ్డంగా పరిగెత్తారు స్వామీ అని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపండి.

దూరం మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆ 195 ఏంటి మేడం అని మా పిల్లలు అడిగేవాళ్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించారు. అది 26 మైళ్ల 385 గజాలు. 1921లో అదే కొలత ఖాయమైంది. ఆ రోజు ఇటలీ వాడు డొరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. ఒళ్లు స్వాధీనంలో లేదు. వేరే దిక్కుకి తిరిగాడు, పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చూడలేక అధికారులు చెయ్యిచ్చి గీత దాటించారు. సాయం తీసుకున్నాడని పతకం పోయింది, అమెరికా ఆయన జానీ హేస్‌కి దక్కింది. మర్నాడు రాణిగారు పియెట్రికి ఒక వెండి కప్పు ఇచ్చారు. కప్పు సరే, ఆ గీత రాజుగారి కుర్చీ ఎదురుగా కాకుండా స్టేడియం గేటు దగ్గరే గీసుంటే ఆ మనిషే గెలిచేవాడు కదా అని నాకనిపిస్తుంది. పెద్దవాళ్ల కుర్చీ ఎక్కడుందో చూసుకుని గీత గీయడం అప్పటి నుంచీ ఉంది. మన దగ్గర గీతతో పాటు గడియారాన్ని కూడా జరుపుతారు.

నిర్వాహకులు నన్ను పిలిచింది దీని కోసం కాదు. నేను వచ్చింది మాత్రం దీని కోసమే.

కొన్నేళ్ల కిందట, ఏ ఊరో చెప్పను, పెట్టింది ఎవరో చెప్పను, 5 కిలోమీటర్ల పరుగు ఒకటి జరిగింది. నేనింకా సర్వీసులో ఉన్నాను. మీ బడి ఆడపిల్లల్ని తీసుకురండి మేడం, ముందు వరసలో నిలబెడతాం అన్నారు. మార్చి నెల. 6 గంటలకి పరుగు. 5.30కే పిల్లలతో అక్కడున్నాను. తెల్ల బూట్లు, రెండు జడలు, వీపుకి పిన్నీసులతో కుట్టిన నంబర్లు.

6 దాటింది. సార్ బయల్దేరారు అన్నారు. 6.30 అయింది. సార్ దారిలో ఉన్నారు అన్నారు. 7 అయింది. సార్ స్నానానికి వెళ్లారు అన్నారు. దారిలో ఉన్నాయన మళ్లీ స్నానానికెట్లా పోయాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. 7.40కి వచ్చారు. అప్పుడు జ్యోతి వెలిగించారు. ప్రార్థన గీతం. స్వాగత నృత్యం. శాలువాలు. శాలువాలు కప్పినవాళ్లకి మళ్లీ శాలువాలు. ఆరోగ్యమే మహాభాగ్యం అని ఒకరు, యువతే దేశానికి వెన్నెముక అని ఇంకొకరు. ఆ వెన్నెముకలన్నీ ఎండలో నిటారుగా నిలబడే ఉన్నాయి. బెలూన్లు వదిలారు. జెండా ఊపారు. పిల్లలు పరిగెత్తారు. ఇంతలో మైకులో కేక, ఆగండి ఆగండి, వెనక్కి రండి అని. ఏమంటే ఫొటో సరిగ్గా రాలేదట, సార్ మళ్లీ ఊపుతారట. వంద మీటర్లు పోయిన పిల్లల్ని వెనక్కి పిలిచి, నిలబెట్టి, మళ్లీ ఊపారు. అప్పటికి 8.20.

మూడో కిలోమీటరు దగ్గర మా తొమ్మిదో తరగతి పిల్ల పడిపోయింది. సన్నగా ఉండేది, మా బడి మొత్తానికి అదే వేగం. నేను వెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది. పేరడిగితే వాళ్ల చెల్లెలి పేరు చెబుతోంది. నీళ్లు కావాలి. నీళ్ల టేబుల్ నాలుగో కిలోమీటరు దగ్గరుంది. అంబులెన్స్ ఉంది, లేదని అనను. వేదిక వెనకాల ఉంది, దానికి అడ్డంగా అతిథుల కార్లున్నాయి, ఆ కార్ల డ్రైవర్లు టిఫిన్‌కి పోయారు.

అక్కడ ఒకావిడ తోపుడు బండి మీద మల్లెమొగ్గలు అమ్ముకుంటోంది. మొగ్గలు విచ్చుకోకుండా చల్లుకోవడానికి బండి కింద బకెట్‌లో నీళ్లు, పైన కప్పిన తడి గోనెపట్టా. ఆవిడ నన్ను ఒక్క మాటడగలేదు. బకెట్ ఎత్తి పిల్ల నెత్తి మీద నుంచి ఒళ్లంతా పోసింది. గోనెపట్టా తీసి చుట్టింది, ముగ్గేసినట్టు మొగ్గలన్నీ రోడ్డు మీద పడ్డాయి. పక్కింటి కొళాయి నుంచి ఇంకో బకెట్ తెచ్చింది, ఇంకోటి తెచ్చింది. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచి తన పేరు తను చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు, బండి కోసం చూస్తూ కూర్చోకుండా ముందు నీళ్లు పోయడమే ఈ పిల్లని కాపాడింది అని. వడదెబ్బకి అదే సూత్రమట, ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడుతోందంటే ప్రతి నిమిషమూ లెక్కే. మూడు బకెట్లతో ఆ పూలావిడ చేసిన పని, అంత పెద్ద వేదిక కట్టినవాళ్లలో ఒక్కరికీ తెలీదు. మొగ్గల డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మా టీచర్లం తర్వాత వెళ్లి రోజూ ఆవిడ దగ్గరే కొనేవాళ్లం.

ఇంతకీ ఆ పిల్ల ఎందుకు పడిపోయింది? ఎండ ఒక్కటే కాదు. ముందురోజు రాత్రి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. ఎందుకే తాగలేదు అని అడిగితే, 'ఆడ బాత్రూం ఉండదు కదా మేడం' అంది. 6కి మొదలైతే 6.40కి ఇంటికి పోవచ్చు, ఓర్చుకుందాం అనుకుంది. ఆడపిల్లలందరూ వేసుకునే లెక్కే అది. ఈ హాల్లో ఉన్న ఆడవాళ్లని అడగండి, బస్సెక్కే ముందు నీళ్లు మానేయని వాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తమనండి. చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. ఎవరో పెద్దమనిషి రెండు గంటలు ఆలస్యంగా వస్తాడని పాపం ఆ పిల్ల లెక్కలో లేదు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. రెండోసారి ఊపిన జెండాది. బాగానే వచ్చింది.

తర్వాత ఆ పిల్లని వాళ్ల నాన్న పరుగుకి పంపలేదు. ఇంటికెళ్లి అడిగాను. పరిగెత్తితే పడిపోతోంది కదా మేడం, మాకెందుకు అన్నాడు. పరిగెత్తి పడలేదయ్యా, నిలబెట్టి నిలబెట్టి పడేశారు అన్నాను. విన్నాడు, తల ఊపాడు, కాఫీ ఇచ్చాడు. పంపలేదు. జిల్లా స్థాయికి పోవాల్సిన పిల్ల. ఇప్పుడు బాగానే ఉంది, సంసారం చేసుకుంటోంది, కనపడితే నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఆ శాలువాలే గుర్తొస్తాయి.

చీటీ ఒకటి వచ్చింది. 'మేడం, టైం.' సంతోషం. పొద్దున్నుంచి ఈ హాల్లో టైం ఎవరికైనా గుర్తొచ్చింది ఇదే మొదలు. ఇంకాసేపు ఓపిక పట్టండి.

అతిథుల్ని పిలవకపోతే డబ్బులెవరిస్తారు, పర్మిషన్లు ఎట్లా వస్తాయి అని ముందు వరసలో గొణుగుతున్నారు, వినపడుతోంది. న్యాయమైన మాటే. పిలవండి. మర్యాదగా పిలవండి. కానీ పరుగు మొదలవడానికి పిలవకండి, ముగిసేటప్పుడు పిలవండి. కార్డు మీద 8 గంటలకి పతకాల బహూకరణ అని అచ్చు వేయండి. 8.20కి వచ్చినా నష్టం లేదు, అప్పటికింకా నడిచేవాళ్లు వస్తూనే ఉంటారు. చెమటతో గీత దాటివచ్చే పిల్లల మెడలో పతకం వేస్తుంటే ఆ ఫొటో జెండా ఫొటో కంటే బాగుంటుంది, అడిగి చూడండి, కాదనరు. మొదలుపెట్టడానికి ఒక విజిలు చాలు. కనుమకి చంద్రగిరి దగ్గర రంగంపేటలో పశువుల పండగ చూశారు కదా. కొమ్ములకి పలకలు కట్టి వీధిలోకి వదిలాక ఏ గిత్తయినా ముఖ్య అతిథి కోసం ఆగిందా? రన్నర్లూ అంతే, ఆగక్కర్లేదు. 6.30కి ఇక్కడ ముగ్గురే ఉంటే ముగ్గురితో మొదలుపెట్టండి.

ఇంగ్లండులో 2004 అక్టోబరు 2న, లండన్ శివార్లలోని బుషీ పార్కులో 13 మందితో ఒక శనివారం పరుగు మొదలైంది. అదే ఇప్పుడు ఎన్నో దేశాల్లో ప్రతి వారం జరిగే పార్క్‌రన్. ఫీజు లేదు, టైము పట్టడానికి బూట్లకి కట్టే చిప్పులు లేవు. మొదట్లో వాళ్లు వాడిందేంటో తెలుసా? హార్డ్‌వేర్ షాపులో దొరికే వాషర్లు. గీత దాటినవాళ్లకి వరసగా ఒక్కో వాషర్ చేతిలో పెట్టడం, అదే వాళ్ల స్థానం. ఇద్దరు స్టాప్‌వాచీతో, ఒకరు పెన్నూ కాగితంతో ఉంటే చాలు. మనం టైమింగ్ మిషన్‌కి కొటేషన్లు తెప్పించుకుంటున్నాం, మరుగుదొడ్ల సంగతి ఇంకా మాట్లాడలేదు. ఆ డబ్బు ఇటు తిప్పండి.

మరుగుదొడ్లు మొదలు దగ్గర కావాలి, తిరిగే మలుపు దగ్గరా కావాలి. ఆడవాళ్లకి వేరుగా, ఎక్కువగా. మొబైల్ టాయిలెట్ల కోసం కార్పొరేషన్‌ని అడగండి. తెచ్చి పెట్టామని చెప్పడం కాదు, ముందురోజు సాయంత్రం ఒక ఆడమనిషి లోపలికెళ్లి గడియ పడుతోందా, లైటుందా, బకెట్టూ మగ్గూ ఉన్నాయా చూసి వచ్చి నాకు చెప్పాలి. ఆ సంగతి పేర్లు నమోదు చేసుకునే కాగితం మీదే రాయండి, మరుగుదొడ్లున్నాయి అని. ఆ ఒక్క ముక్కకే ఇంకొందరు ఆడపిల్లలు వస్తారు, వచ్చేముందు నీళ్లు తాగుతారు.

నీళ్లు 2.5, 5, 7.5 దగ్గర, ముగింపు దగ్గర. బాటిళ్లు పంచొద్దు, మూతలు రోడ్డు మీద పడితే వెనకాల వచ్చేవాళ్లు జారి పళ్లు రాలగొట్టుకుంటారు. డ్రమ్ములు, పేపర్ కప్పులు చాలు. కప్పు సగమే నింపండి. టేబుళ్లు ఒకదాన్నొకటి ఆనించకుండా దూరదూరంగా వేయండి, లేకపోతే అందరూ మొదటి టేబుల్ మీదే పడతారు. అట్లాగని తాగు తాగు అని వెంటపడకండి. అతిగా తాగినా ముప్పే. 2002లో బోస్టన్ మారథాన్‌లో ఒక యువతి దారిపొడుగునా అతిగా ద్రవాలు తాగి, రక్తంలో సోడియం పడిపోయి చనిపోయింది. అదే పరుగులో పరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గిందని 2005లో వైద్యులు ప్రచురించారు. 10 కిలోమీటర్లకి అంత భయపడక్కర్లేదు. దాహమేసినవాళ్లు తాగుతారు, మీరు చెయ్యి చాచి నిలబడండి చాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గరిటె కాదు.

వైద్యం గురించి డాక్టర్లు వేరే క్లాసు తీసుకుంటారు. నేను చెప్పేది రెండు ముక్కలే. ప్రతి నీళ్ల టేబుల్ కింద రెండు బకెట్ల చల్లటి నీళ్లు, నాలుగు తడి గోనెపట్టాలు ఉండాలి. ఎవరైనా తూలుతుంటే పేరడగండి, ఇవాళ ఏ వారం అనడగండి. జవాబు తేడాగా వస్తే నీళ్లు పోయడం మొదలుపెట్టి, అప్పుడు 108కి ఫోన్ చేయండి. గుండె ఆగినట్టుంటే మాత్రం ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు లోపలికి పోయేలా నొక్కాలి. ఇది చూసి నేర్చుకోవాల్సిందే, నా మాట విని కాదు. అంబులెన్స్ ముందు ఒక మనిషిని నిలబెట్టండి. అతని పని ఒకటే, ఎవరి కారూ అడ్డం పెట్టనివ్వకపోవడం. ఎవరి కారైనా సరే.

నంబరు కాగితం వెనక పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయించండి. టీషర్టుల గురించి నన్నడగొద్దు. ఎన్ని సైజులు తెప్పించినా ఎల్ సైజు చాలదు, ఎస్ సైజు మిగిలిపోతుంది.

ఇక ముగింపు గీత. ఇక్కడ మాత్రం గడియారం చూడొద్దు. మొదలయ్యేటప్పుడు ఎవరి కోసమూ ఆగనివాళ్లం, ముగిసేటప్పుడు అందరి కోసం ఆగాలి. నేను చూసిన పరుగుల్లో మొదటి పదిమంది రాగానే మైకు సర్దేస్తారు, కుర్చీలు మడిచేస్తారు. గంటన్నర తర్వాత మోకాలి పట్టీ కట్టుకుని ఒక పెద్దావిడ వస్తుంది. అక్కడ అరటితొక్కలు తప్ప ఏమీ ఉండవు. ఎటు పోవాలో తెలీక ఆవిడ ఆటో ఎక్కి వెళ్లిపోతుంది. మళ్లీ సంవత్సరం వస్తుందా? చివరి మనిషి వెనక మన వలంటీరు ఒకరు నడుస్తూ రావాలి, వాళ్ల వెనక బండి. ఆ వలంటీరు గీత దాటి నాతో 'అయిపోయింది మేడం' అన్నాకే బ్యానరు దించాలి. పతకం, మజ్జిగ, పొంగలి ఆ చివరి మనిషికీ మిగిలుండాలి. మిగలకపోతే మనం తినకూడదు, అంతే.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. చివర నడిచే మనిషి కావాలి, ఓపికస్థులు, ఫోన్ చూసుకోనివాళ్లు. ఎవరు? నువ్వా అమ్మా? మంచిది, పేరు రాయండి. అంబులెన్స్ ముందు నిలబడటానికి గట్టి గొంతున్నవాళ్లు ఒకరు. వెనక వరసలో ఇందాకటి నుంచి మాట్లాడుతూనే ఉన్నావు చూడు బాబూ, నీకు ఆ పని. మరుగుదొడ్లు చూసి రావడానికి ఇద్దరు ఆడవాళ్లు. ఆహ్వాన పత్రం రాసేది ఎవరు? మీరేనా సార్? అచ్చుకి పోయేముందు నాకొకసారి చూపించండి. అందులో 8 గంటలు అని కనపడాలి.

వచ్చే ఆదివారం రూటు కొలుస్తున్నాం. సైకిలు నాది ఉంది. 50 మీటర్ల స్టీలు టేపు కావాలి, సర్వేయర్ల దగ్గరో సివిల్ మేస్త్రీల దగ్గరో ఉంటుంది. ఎవరింట్లో ఉంది, చెయ్యెత్తండి. 6.30కి జూ పార్కు గేటు దగ్గర ఉంటాను. ఎంతమంది వస్తే అంతమందితో మొదలుపెట్టేస్తాను, తర్వాత వచ్చేవాళ్లు రోడ్డు మీద సున్నం గుర్తులు చూసుకుంటూ మమ్మల్ని కలవండి.